ఇసకలో గొలుసులు పనికిరావు

డెన్వర్‌లో ఉండే మా బావమరిది పోయిన చలికాలం కారు టైర్లకి చెయిన్లు కొన్నాడు. ఫోన్లో ఆ ముచ్చట్లన్నీ అయ్యాక ఒక ప్రశ్న వేశాడు: "బావా, మీ రువైస్ ఎడారిలో కూడా ఇలాంటివి కట్టుకుంటారా?" లేదని ఒక్క ముక్కలో చెప్పేశాను గానీ, ఎందుకు లేదో చెప్పాలంటే కాస్త చరిత్ర కావాలి.

చెయిన్ల కథ న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. బురదలో, మంచులో జారకుండా జనం చక్రాలకి తాళ్ళు చుట్టుకోవడం చూసి హ్యారీ వీడ్ అనే ఆయనకి ఈ ఆలోచన వచ్చిందంటారు. 1904లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ పద్ధతి పెద్దగా మారలేదు. గొలుసుని టైరు మీద పరిచి, లోపలి కొక్కెం ముందు, బయటిది తరవాత తగిలించి, బిగించాలి. కొద్ది దూరం నడిపి, ఆగి, మళ్ళీ బిగించాలి, ఎందుకంటే చక్రం తిరిగాకే గొలుసు సర్దుకుని వదులు బయటపడుతుంది. ఈ రెండో బిగింపుకి బద్ధకిస్తే తెగిన గొలుసు చక్రాల గూటిని చీరేస్తుంది. వేగం కూడా గంటకి 50 కిలోమీటర్లు దాటకూడదు.

మంచు కింద గట్టి నేల ఉంటుంది, గొలుసు దాన్ని కరుచుకుంటుంది. మన ట్రాక్టర్ల దమ్ము చక్రాలదీ దాదాపు ఇదే సూత్రం. బురదని కోసుకుంటూ కింద పట్టు వెతుక్కుంటాయి (అవే చక్రాలతో తారురోడ్డెక్కితే రోడ్డు గతి ఏమవుతుందో గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు!). పొడి ఇసకలో కింద ఉన్నది కూడా ఇసకే. గొలుసు కట్టి ఆక్సిలరేటర్ తొక్కితే మన గొయ్యి మనమే తవ్వుకున్నట్టు.

ఇక్కడ పని చేసేది దానికి వ్యతిరేకం: టైర్లలో గాలి తీసెయ్యడం. 1920లు, 30లలో రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఫోర్డ్ కార్లతో ఈజిప్టు, లిబియా ఎడారులు తిరుగుతూ దీన్ని బాగా వంటబట్టించుకున్నాడు. కూరుకుపోతే చక్రాల కింద ఇనప పలకలు తోసేవాడు. మన ఇసక లారీలవాళ్ళు తాటిమట్టలు వేసినట్టే. 1940లో ఆయన కైరోలో పెట్టిన ఎడారి గస్తీ దళం ఈ విద్యతోనే శత్రువు ఊహించని దారుల్లో తిరిగింది. 1941లో ఇసక కదలికల మీద రాసిన భౌతికశాస్త్ర పుస్తకం ఇప్పటికీ ప్రామాణికం. అదే యుద్ధంలో అమెరికా వాళ్ళ డక్ అనే ఉభయచర లారీలో డ్రైవరు సీటు నుంచే టైర్ల గాలి పెంచి, తగ్గించే ఏర్పాటు వచ్చింది.

లెక్క చిన్నదే. రెండు టన్నుల బండి అంటే చక్రానికి 500 కిలోలు. 35 పీఎస్‌ఐ దగ్గర నేలకి ఆనే మేర సుమారు 200 చదరపు సెంటీమీటర్లు, 15కి దించితే 470. ఒంటె పాదం ఈ లెక్క ఎప్పుడో చేసేసుకుంది :)

రువైస్ అబుదాబికి పడమరగా 240 కిలోమీటర్లు. పక్కనే జెబెల్ ధన్నా నుంచి 1963లో చమురు ఎగుమతి మొదలైంది, ఇక్కడ రిఫైనరీ 1980ల మొదట్లో వచ్చింది. మా చుట్టూ ఇసకతో పాటు సబ్ఖా అనే ఉప్పునేల కూడా ఉంది. పైన పెళుసు పెంకు, కింద తడి బురద. అచ్చం దమ్ము చేసిన మడి మీద అప్పడం పరిచినట్టు. గాలి తగ్గించినంత మాత్రాన అక్కడ బయటపడతామని నమ్మకం లేదు. ఉన్న చక్రాల జాడ వదలకపోవడమే మార్గం.

ఇదంతా వారాంతపు సరదాగా చూసే మనవాళ్ళు ఎక్కువయ్యారు. లివా దిబ్బలకి ఒక్క బండితో, రెండు నీళ్ళ సీసాలతో బయల్దేరేస్తారు. 2024లో సౌదీ వైపు రబ్ అల్ ఖాలీలో తెలంగాణ కుర్రాడొకడు, సూడాన్ సహోద్యోగితో పాటు దారి తప్పి, ఇంధనం అయిపోయి, దప్పికతో చనిపోయాడు. అతను సరదాకి వెళ్ళలేదు, ఉద్యోగం మీద వెళ్ళాడు. లివా దిబ్బలు కూడా ఆ ఎడారి అంచే.

అందుకే కనీసం రెండు బండ్లు, మనిషికి రోజుకి ఐదారు లీటర్ల నీళ్ళు, ఒక పార, ఒక గాలి పంపు. ఎటు వెళ్తున్నామో, ఎప్పుడు తిరిగొస్తామో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళాలి. తిరిగి హైవే ఎక్కేముందు గాలి మళ్ళీ నింపాలి. 15 పీఎస్‌ఐతో 120 మీద పోతే టైరు కాలి పేలిపోతుంది, పంపు ఆడించే ఆ పావుగంటకి మాత్రం ఎవరికీ ఓపిక ఉండదు.