కళింగాంధ్రంలో నామద్వయ సంప్రదాయం

శిశువుకు రెండు పేర్లు కూర్చి పెట్టడం నూతనమైన వేడుక కాదు. ఆంధ్రదేశంలో కృష్ణయజుర్వేదులలో అధికులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రంలోనే దానికి మూలం ఉన్నది. జన్మసమయంలో నిర్దేశించే నక్షత్రనామం రహస్యం. పదవనాడు మాతాపితలు ఉంచేది వ్యవహారనామం. పుత్రుని పేరు రెండు లేక నాలుగు అక్షరాలు కలిగి, ఘోషాక్షరంతో ఆరంభమై, మధ్యలో అంతస్థం ఉండి, దీర్ఘంతోనో విసర్గతోనో ముగియాలి. పూర్వభాగం నామపదం, ఉత్తరభాగం క్రియాజన్యం. ‘దేవదత్తః’ అన్న పేరును ఈ లక్షణాలతో సరిచూసుకోవచ్చు: దకారం ఘోషం, వకారం అంతస్థం, ‘దత్త’ శబ్దం ధాతుజన్యం, అంతమందు విసర్గ.

ఈ విధికి రాజవంశాలు తమ ధర్మాన్ని జోడించుకొన్నాయి. వంశధారా తీరాన శ్రీముఖలింగం, అనగా నాటి కళింగనగరం, రాజధానిగా ఏలిన గాంగులను చూడండి. వజ్రహస్తుడు అనంతవర్మ. ఆయన కుమారుడు రాజరాజు దేవేంద్రవర్మ. మనుమడు చోడగంగు మరల అనంతవర్మ. తాతగారి బిరుదనామం మనుమనికి తిరిగి వచ్చింది. 1078లో పట్టాభిషిక్తుడైన ఆ మనుమని తల్లి రాజసుందరి చోళ రాజపుత్రి. కనుక ‘చోడ’ మాతృవంశం, ‘గంగ’ పితృవంశం. ఒక్క పేరులో ఉభయ వంశాలూ నిలిచాయి! పేరు విన్నంతనే మూడు తరాల చరిత్ర తెలిసేది.

సామాన్య గృహస్థులదీ ఇదే మార్గం. అయితే వంశబిరుదు స్థానంలో వారికి క్షేత్రదైవం ఉన్నాడు. సింహాద్రి అప్పన్న పేర అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసయ్య. అరసవిల్లి స్వామి పేర సూర్యనారాయణ. శ్రీకూర్మనాథుని పేర కూర్మారావు. విజయనగరం పైడితల్లి పేర పైడిరాజు. గురజాడ వెంకట అప్పారావు, గిడుగు వెంకట రామమూర్తి అన్న పేర్లలో ఇంటిపేరుకూ పిలుపుపేరుకూ నడుమ వేంకటేశ్వరుడు నిలిచి ఉన్నాడు. 1864లో అజ్జాడలో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారి జన్మనామం సూర్యనారాయణ. పూర్వపదం తొలగినా నారాయణుడు మాత్రం విడువలేదు.

తాతగారి పేరు మనుమనికి పెట్టిన ఇంట కోడలు మామగారి పేరు ఉచ్చరించరాదు. బిడ్డను పిలవడానికి రెండవ పేరు అందుకే అవసరమైంది. నామద్వయానికి ఇంతకన్న సహజమైన కారణం వెదకనక్కరలేదు.

నేడు అప్పలస్వామి అంటే మోటు పేరని పట్టణాలకు చేరిన సంతానం సంకోచిస్తున్నది. అర్థం తెలియని రెండక్షరాల శబ్దం మాత్రం ముద్దుగా తోస్తున్నది! అజామిళుడు అంత్యకాలంలో పిలిచినది కుమారునే. ఆ కుమారునికి నారాయణుడని పేరు ఉండబట్టి కదా విష్ణుదూతలు వచ్చారు? కొందరు గృహస్థులు నేటికీ పళ్ళెంలోని బియ్యంలో బంగారు ఉంగరంతో తాతగారి పేరే వ్రాస్తారు. జనన ధ్రువపత్రంలో వేరొకటి వ్రాయిస్తారు. ఆ బియ్యం వంటింటికి చేరిన తరువాత తాతగారి పేరు ఎవరికి గుర్తుండాలో ఆ ఇంటివారే నిర్ణయించుకోవాలి.