ఫుట్‌బాల్ కోచింగ్: గ్రౌండ్ లేదని ఆగాలా? హైదరాబాద్ రహీం సాబ్ నేర్పిన పద్ధతులు ఇవే..

బేతంచెర్ల అనగానే గుర్తొచ్చేది నాపరాళ్లు, పాలిష్ బండలు. ఇక్కడ ఆట అంటే ముందు క్రికెట్టే. అలాంటి ఊళ్లో పిల్లాడు ‘ఫుట్‌బాల్ నేర్చుకుంటా’ అంటే ఇంట్లో వాళ్లకు వచ్చే మొదటి డౌట్.. నేర్పించేది ఎవరు? ఎక్కడ? దీనికి జవాబు మన హైదరాబాద్ చరిత్రలోనే ఉంది.

ఎవరీ రహీం సాబ్?

సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కోచ్‌గా పనిచేశారు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో ఆయన కన్నుమూశారు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఈయన కథే.

ఆయన ఎలా నేర్పించారంటే..

డ్రిబ్లింగ్ బంద్: బంతిని ఒక్కడే లాక్కెళ్లకూడదనే రూల్‌తో టోర్నీలు పెట్టారు. దాంతో బంతి రాకముందే ‘ఎవరికి ఇవ్వాలి?’ అని చూడటం అలవాటవుతుంది.

బలహీనమైన కాలితోనే ఆట: కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే ఆడాలి. ఒక్క కాలే వాడే ఆటగాడిని డిఫెండర్ ఆ వైపు అడ్డుకుంటే చాలు, ఆట ముగిసినట్టే. రెండు కాళ్లూ వాడేవాణ్ని ఆపడం కష్టం.

ఈ రెండింటికీ ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక బంతి, ఒక రూల్ చాలు.

స్కూల్ గ్రౌండ్‌లో ఇలా మొదలుపెట్టండి

* గోడకు నాలుగైదు అడుగుల దూరంలో నిలబడి పాదం లోపలి వైపుతో బంతిని కొట్టాలి. తిరిగొచ్చిన బంతిని ఒక్క టచ్‌తో ఆపాలి. కుడికాలితో ఎన్నిసార్లు కొడితే ఎడమ కాలితో అన్నిసార్లు.
* నలుగురు గుండ్రంగా నిలబడాలి, మధ్యలో ఒకరు. బయటి వాళ్లు రెండు టచ్‌లకు మించకుండా పాస్ చేసుకోవాలి. బంతి పోగొట్టుకున్నవాళ్లు మధ్యలోకి.
* బంతి సైజు ముఖ్యం. 8 ఏళ్లలోపు వాళ్లకు 3వ నంబర్, 12 ఏళ్ల వరకు 4వ నంబర్, ఆపైన 5వ నంబర్.
* ఆడే ముందు గ్రౌండ్‌లో రాళ్లు ఏరేయాలి. సీమ ఎండలకు పొద్దున్నే, లేదంటే సాయంత్రం ఆడించాలి. మధ్యమధ్యలో నీళ్లు తాగించాలి.

బూట్లు లేకుండా ఆడొచ్చా?

చిన్నపాటి ప్రాక్టీస్‌కు మామూలు కాన్వాస్ షూస్ చాలు. ఉత్త కాళ్లతో మాత్రం వద్దు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. చలిలో, తడి నేలపై యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడారు. ఆ తర్వాతే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది.

సీమలో శిక్షణ ఎక్కడ?

రాయలసీమలో ఫుట్‌బాల్ అంటే ముందు చెప్పుకోవాల్సింది అనంతపురం. అక్కడ ఆర్డీటీ సంస్థ నడిపే అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు కూడా కోచింగ్ ఉంది. స్పెయిన్‌కు చెందిన లా లిగా కూడా ఇందులో చేయి కలిపింది. స్కూల్ పీఈటీలు కోచ్ కావాలనుకుంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్స్ కోర్సుతో మొదలుపెట్టొచ్చు.

ప్రపంచం ఎక్కడికి వెళ్లింది?

1930 తొలి వరల్డ్ కప్‌లో 13 జట్లు. 1998లో 32. 2026 నుంచి 48. సుమారు లక్షన్నర జనాభా ఉన్న కురసావ్ కూడా 2026కి క్వాలిఫై అయింది. ఆ జట్టులో ఎక్కువ మంది నెదర్లాండ్స్‌లో పుట్టి, అక్కడి క్లబ్బుల్లో చిన్నప్పటి నుంచి శిక్షణ పొందినవాళ్లే. మరి మనం? 1950లో అవకాశం వచ్చినా భారత్ వెళ్లలేదు, ఇప్పటిదాకా ఒక్క వరల్డ్ కప్ ఆడలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌ ఫుట్‌బాల్‌లోనూ కనిపించలేదు.

తేడా జనాభాలో లేదు, చిన్న వయసులో అందే కోచింగ్‌లో ఉంది. అది మొదలవ్వాలంటే స్టేడియం కట్టేదాకా ఆగక్కర్లేదు. ఒక గోడ, ఒక బంతి, రోజూ వచ్చి ఆడించే ఒక మాస్టారు ఉంటే చాలు.