వెబ్ ఫారాల్లో వాలిడేషన్ కోడ్ పునరుక్తి నివారణ

ఫారంలో నింపిన వివరాలను సరిచూసే నియమాన్ని పేజీ పేజీకీ తిరగరాయకుండా, ఒకేచోట రాసి అన్ని ఫారాలకూ వాడుకునే ప్రోగ్రామింగ్ పద్ధతి ఇది.

1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్‌లోకి జావాస్క్రిప్ట్ వచ్చేదాకా ఈ తనిఖీ సర్వర్‌లోనే జరిగేది. తప్పు పడిందని తెలియాలంటే ఫారం పంపి, పేజీ తిరిగొచ్చేదాకా కూర్చోవాలి. జావాస్క్రిప్ట్ ఆ తిప్పలు తప్పించింది. కానీ బ్రౌజర్‌లో తనిఖీని ఎవరైనా తప్పించుకోవచ్చు. సర్వర్‌లోనూ అదే నియమం ఉండక తప్పదు. అలా ఒక నియమానికి రెండు ప్రతులయ్యాయి. కాపీ-పేస్ట్ పుణ్యమా అని అవి పదులయ్యాయి.

1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ తమ ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’లో ఇలాంటి పునరుక్తికి విరుగుడుగా ‘డ్రై’ (డోంట్ రిపీట్ యువర్‌సెల్ఫ్) సూత్రం చెప్పారు. జావాలో స్ట్రట్స్ వాలిడేటర్ నియమాలను ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో పెట్టి, బ్రౌజర్ కోడ్‌నూ అందులోంచే పుట్టించింది. 2004లో వెలువడిన రూబీ ఆన్ రైల్స్ నియమాన్ని ఫారం నుంచి డేటా మోడల్‌కు మార్చింది. 2009లో జావాకు బీన్ వాలిడేషన్ ప్రమాణం వచ్చింది.

ఒకేలా కనిపించే కోడంతా పునరుక్తి కాదు. జీఎస్టీ నంబరే తీసుకుందాం. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్ర కోడ్, తర్వాతి పదీ పాన్, చివరిది సరిచూపు అక్షరం. ధర్మవరంలోనూ బెంగళూరులోనూ దుకాణాలున్న పట్టుచీరల వ్యాపారికి రెండు నంబర్లుంటాయి: ఒకటి 37తో, మరొకటి 29తో మొదలవుతుంది, నడుమ పాన్ ఒక్కటే. కాబట్టి పాన్ నియమాన్ని విడిగా రాసి, జీఎస్టీ నియమం దాన్నే పిలవాలి. ‘37తో మొదలవాలి’ అన్నది మాత్రం ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఫారానికే సరి. కర్ణాటక సరిహద్దునున్న హిందూపురంలో సరుకు అమ్మినవారి ఫారానికి అదే పెడితే గౌరీబిదనూరు వ్యాపారి బిల్లు ఎక్కదు.

నియమం మారినప్పుడే దాన్ని ఒకేచోట ఉంచడం విలువ తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. పిన్‌కోడ్లు మారలేదు: హిందూపురానిది 515201, పెనుకొండది 515110. పిన్‌కోడ్ మొదట్లో 515 ఉంటే అనంతపురం జిల్లా అనే నియమం ఆ రోజుతో చెల్లిపోయింది. అది ఫారం ఫారంలో ఉంటే అన్నీ గాలించాలి. జిల్లా-మండలాల పట్టిక ఒక్కటే ఉంటే దాన్ని దిద్దితే చాలు. అయితే అంతకుముందు జారీ అయిన పత్రాల మీద పాత జిల్లా పేరే ఉంటుంది కనుక, ఆ పట్టికలో ప్రతి మండలం పక్కనా అమలు తేదీ కూడా ఉండాలి.