ధర ముందు, కీబోర్డు తర్వాత

ఖరగ్‌పూర్‌కి తెలుగువాళ్లను తీసుకొచ్చింది రైలు కార్ఖానా. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల మనుషులు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా వచ్చి రైల్వే క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. 1927 సమ్మెలో వాళ్ల పక్షాన నిలిచిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. మథురాకాటిలో, నింపురాలో ఇప్పటికీ వీధిలో తెలుగు వినిపిస్తుంది. ఖరగ్‌పూర్ శివార్లలోనే హిజ్లీ నిర్బంధ శిబిరం ఉండేది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయిన చోటు అది. స్వాతంత్ర్యం వచ్చాక, 1951లో, ఆ భవనంలోనే దేశపు మొదటి ఐఐటీ తలుపులు తెరిచింది. సామాన్యుడి చేతికి అందే కంప్యూటర్ చరిత్రలో ఖరగ్‌పూర్ పేరు ఈ ఐఐటీ వల్లనే వస్తుంది, అదీ రెండుసార్లు.

మొదటిసారి అర్జున్ మల్హోత్రా వల్ల. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ చదివిన మల్హోత్రా 1976లో శివ్ నాడార్‌తోనూ మరికొందరు మిత్రులతోనూ కలిసి హెచ్‌సీఎల్ మొదలుపెట్టారు. ఆయన ఆ సంస్థను వదిలేసిన కొన్నేళ్లకు, 2005లో, హెచ్‌సీఎల్ పదివేల రూపాయల లోపు ధరకు ఒక డెస్క్‌టాప్‌ని మార్కెట్లోకి తెచ్చింది. అదే ఏడాది కోల్‌కతా కంపెనీ జెనిటిస్ ‘ఆమార్ పీసీ’ పేరుతో దాదాపు అదే ధరకు మరొకటి అమ్మింది. పదివేల లోపు కంప్యూటర్ అనగానే నెలజీతం మీద బతికే ఇళ్లలో ఆశ పుట్టింది. అయితే అవి బల్లకు కట్టేసిన యంత్రాలు. కరెంటు పోతే పని అక్కడితో ఆగిపోయేది.

బల్ల దాటి ఒళ్లోకి రావాలంటే బ్యాటరీ కావాలి, తేలికైన తెర కావాలి, వేళ్లకు సరిపడే కీబోర్డు కావాలి. ధర తగ్గించాల్సి వచ్చిన ప్రతిసారీ తయారీదారు కత్తెర పడింది ఈ మూడింటి మీదే.

అమెరికాలో నికొలస్ నెగ్రోపాంటే పిల్లల కోసం వంద డాలర్ల లాప్‌టాప్ తెస్తానని ప్రకటించినప్పుడు, 2006లో మన మానవ వనరుల శాఖ అది వద్దని చెప్పింది. ఆ యంత్రం ధర వంద డాలర్ల దగ్గర ఆగలేదు, ఇంచుమించు రెట్టింపయింది. కానీ దాని ఏడున్నర అంగుళాల తెర ఎండలో కూడా చదవడానికి వీలుగా ఉండేది. చెట్టు కింద జరిగే బడిని మనసులో పెట్టుకుని చేసిన తెర అది. అంత శ్రద్ధ తర్వాత వచ్చిన చౌక యంత్రాల్లో అరుదు.

కాదన్న ప్రభుత్వమే సొంత ప్రయత్నం మొదలుపెట్టింది. 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో, మంత్రి అర్జున్ సింగ్ చేతుల మీదుగా ‘సాక్షాత్’ బయటికి వచ్చింది. ఐదువందల రూపాయల లాప్‌టాప్ అని అప్పటికే పత్రికలు రాసేశాయి. తీరా చూస్తే దానికి తెర లేదు, కీబోర్డు లేదు. పాఠాలు దాచుకునే పెట్టె లాంటి పరికరం అది. ఎంతోమంది తల్లిదండ్రులు పెట్టుకున్న ఆశ ఆ రోజు తిరుపతిలో నీరుగారిపోయింది. రెండున్నరేళ్ల తర్వాత, 2011 అక్టోబరు 5న, ఢిల్లీలో మంత్రి కపిల్ సిబల్ ‘ఆకాశ్’ టాబ్లెట్‌ని విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీది. దాన్ని బిగించింది హైదరాబాద్‌లో. ప్రభుత్వం ఒక్కొక్కటి 2,276 రూపాయలకు కొన్నది. తెర ఏడంగుళాలు, వేలితో గట్టిగా నొక్కితే గానీ పలకని రకం. ప్రాసెసర్ వేగం 366 మెగాహెర్ట్జ్, బ్యాటరీ 2,100 మిల్లీఆంప్ అవర్లు. కంపెనీ లెక్క ప్రకారమే అది మూడు గంటలు. కళాశాల విద్యార్థికి మూడు గంటలంటే మధ్యాహ్నం భోజనానికి ముందే చేతిలో పరికరం చల్లబడిపోవడం. మరుసటి ఏడాది నవంబరులో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ విడుదల చేసిన ఆకాశ్ 2లో తెర, వేగం రెండూ మెరుగయ్యాయి. అప్పటికే నమ్మకం దెబ్బతింది.

ఖరగ్‌పూర్ పేరు రెండోసారి వచ్చేది ఆ రోజుల్లోనే. ఇక్కడ మెటలర్జీ చదివి 1993లో పట్టా తీసుకున్న సుందర్ పిచాయ్ గూగుల్‌లో క్రోమ్ బాధ్యత చూసేవారు. 2011 మే నెలలో ఆయన ప్రకటించిన క్రోమ్‌బుక్ మిగతావాళ్లు అడగని ప్రశ్న అడిగింది: తెర, కీబోర్డు, బ్యాటరీ బాగుండాలంటే ఇంకేం తగ్గించవచ్చు? తగ్గించింది లోపలి నిల్వని, బరువైన సాఫ్ట్‌వేర్‌ని. మొదటి శామ్‌సంగ్ మోడల్‌కి 12.1 అంగుళాల తెర, ఎనిమిదిన్నర గంటల బ్యాటరీ అన్నారు, ధర 429 డాలర్లు. మరుసటి ఏడాది 249 డాలర్లకే ఇంకో మోడల్ వచ్చింది. దానిలో ఫ్యాన్ కూడా లేదు. మన దేశంలో 2015లో జోలో, నెక్సియన్ కంపెనీలు క్రోమ్‌బుక్‌లను 12,999 రూపాయలకు అమ్మాయి. నెట్ లేనప్పుడు ఆ యంత్రంతో చేయగల పని తక్కువ, ఆ లోటు లోటే. అయినా వేళ్లకూ కళ్లకూ కష్టం లేకుండా చవక చేయవచ్చని చూపించింది అదే.

ఇప్పుడు ఖరగ్‌పూర్ గోల్ బజార్‌కి వెళ్లినా ఇంటర్నెట్‌లో వెతికినా, తక్కువ ధర లాప్‌టాప్ పెట్టె మీద బ్యాటరీ గంటలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చూడాల్సింది చిన్న అక్షరాల్లో రాసే వాట్ అవర్లని. 40 వాట్ అవర్ల బ్యాటరీని సగటున ఎనిమిది వాట్లు తాగే యంత్రంలో పెడితే ఐదు గంటలే వస్తుంది, పెట్టె మీద ఏం రాసినా సరే. తెర విషయంలో 1366 బై 768 చుక్కల తెర కన్నా 1920 బై 1080 తెర మీద తెలుగు అక్షరం చాలా నయం. గుండ్రటి ఒంపులు, తలకట్లు, కింద చేరే వత్తులు ఉన్న లిపికి చుక్కలు తక్కువైతే అక్షరం అలుక్కుపోతుంది. ఇంగ్లీషు చదివేవాళ్లకు పట్టని తేడా ఇది.

కీబోర్డు సంగతికొస్తే ఖరగ్‌పూర్ లాంటి ఊరికి ప్రభుత్వం ఎప్పుడో మంచి ఏర్పాటు చేసి పెట్టింది. 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అమరికని రూపొందించింది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటికీ ఒకే క్రమం కాబట్టి, అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు పెట్టారు. ‘కె’ మీట నొక్కితే తెలుగులో క, బెంగాలీలోనూ హిందీలోనూ అదే క. ‘ఎల్’ నొక్కితే త, ‘హెచ్’ నొక్కితే ప. ‘డి’ నొక్కితే పొల్లు. ఇంట్లో తెలుగు, బజార్లో బెంగాలీ, రైల్వే ఆఫీసులో హిందీ వాడే కుర్రాడు వేళ్లకు ఒక్కసారి నేర్పిస్తే మూడు భాషలూ టైపు చేయగలడు. ఇంతకన్నా ఈ ఊరికి సరిపోయే కీబోర్డు ఉండదు. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ అది ఉచితంగా ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్లి భాష జోడించుకుంటే చాలు. అంగట్లో అమ్మే లాప్‌టాప్ మీటల మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలే అచ్చవుతాయి. అందుకే ఈ అమరిక ఉందని కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. దుకాణదారు యంత్రం తెరిచి చూపించినప్పుడు తెలుగు జోడించి ఒక పేరా టైపు చేయించమని అడగవచ్చు. మీట లోతుగా దిగుతోందా, పక్కమీటకు తగులుతోందా, వత్తు తెర మీద విడిగా కనిపిస్తోందా అన్నవి ఆ పది నిమిషాల్లో తేలిపోతాయి.