బంగారు ముఖం ఎవరిది?

ఒక ఆడమనిషి తల. మెడ కింద ఏమీ లేదు. ముఖమంతా బంగారు పూత, ఎర్రటి పెదవులు, రెప్ప వాల్చని తెల్లని కళ్లు, తల వెనక పూలు తురిమిన పెద్ద కొప్పు. వీటిలో కొన్ని తలలు మనిషి నిలువెత్తును మించిపోతాయి. విశాఖపట్నంలో ఉంటూ జి. రవీందర్ రెడ్డి చేసిన ఈ శిల్పాలు న్యూయార్క్ దాకా వెళ్లాయి. రంగు లేకపోతే ఇవి పూర్తి కావు కాబట్టి శిల్పి పని ఎంతో, చిత్రకారుడి పనీ అంతే. ఏళ్ల తరబడి వీటి ముందు నిలబడ్డవాళ్లను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే: ఈమె అమ్మవారా, మన వీధిలో మనిషా?

సాక్ష్యం శిల్పంలోనే ఉంది. ఒక్కో ఆధారమే తీసి చూద్దాం.

మొదటిది కళ్లు. మామూలుగా మనిషి కళ్లు ఇంతలా విచ్చుకోవు. గుడిలో విగ్రహానికి కళ్లు తెరిపించడం ప్రతిష్ఠలో ఒక క్రతువు. గ్రామదేవతకు వెండి కళ్లు మొక్కుకుని చెల్లిస్తారు. అమ్మవారి చూపు మనమీద పడితేనే దర్శనం అయినట్టు. ఈ శిల్పాల కళ్లూ అంతే, పక్కకు తిరగవు, కిందికి వాలవు, ఎవరొచ్చినా సూటిగా చూస్తాయి.

రెండోది, తల ఒక్కటే ఉండటం. రేణుకా ఎల్లమ్మను శిరస్సు రూపంలో కొలిచే ఆచారం మనకు ఉంది. రవీందర్ రెడ్డి 1956లో పుట్టిన సూర్యాపేట వైపు ఎల్లమ్మ గుళ్లకు కొదవ లేదు. మూడోది బంగారం. అమ్మవారికి బంగారు తొడుగు వేస్తాం, ముఖానికి పసుపు పూస్తాం. మూడు ఆధారాలూ అమ్మవారి వైపే మొగ్గాయి. ముందు నుంచి చూసి వెళ్లిపోయేవాళ్లు ఆమెను దేవత అనుకోవడంలో వింత లేదు.

వెనక్కి వెళ్లి చూస్తే లెక్క మారుతుంది. నూనె రాసి బిగదువ్వినట్టు నల్లగా మెరిసే జుట్టు, దాన్ని మెలితిప్పి ముడిచిన తీరు, ముడి చుట్టూ వరసగా పేర్చిన పూలు. ముఖం మీద ఎంత శ్రద్ధ పెట్టాడో సిగ మీదా అంతే పెట్టాడు శిల్పి. గర్భగుడిలో మూలవిరాట్టు వీపు భక్తుడికి కనబడదు. ఈమె చుట్టూ మాత్రం తిరిగి చూడాల్సిందే. పైగా కిరీటం లేదు, త్రిశూలం లేదు, ఏ దేవతో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఉన్నదల్లా కొప్పు. విశాఖ పూర్ణా మార్కెట్‌లో పూలమ్మే మనిషిలో, ఫిషింగ్ హార్బర్‌లో చేపల గంప ఎత్తే మనిషిలో, సిటీ బస్సులో మన ముందు సీట్లో కూర్చున్న మనిషిలో రోజూ కనబడేది ఈ వెనక వైపే. ఇది నాలుగో ఆధారం, వీధి వైపు మొదటిది.

ఐదోది ఒళ్లు. ముందు బంకమట్టితో రూపం చేస్తారు. దానిమీద ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు. అచ్చులో ఫైబర్‌గ్లాస్‌ను పాలిస్టర్ రెసిన్‌తో తడుపుతూ పొర మీద పొర వేస్తారు. అది గట్టిపడ్డాక బయటికి తీసి, ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేసి, కార్లకు వేసే రంగు వేస్తారు, బంగారు రేకు అతికిస్తారు. లోపలంతా బోలు. అమ్మవారికైతే నల్లరాయి, పంచలోహం, వేపచెక్క వాడతాం. ఈమె ఒళ్లు జాలరిపేట ఒడ్డున లాగి పెట్టిన ఫైబర్ పడవల సరుకు. ఈమె నిగనిగ కార్ల పెయింటింగ్ షెడ్డుది.

ఆరోది చదువు. ఆయన బరోడాలో శిల్పం నేర్చుకుంటున్న రోజుల్లోనే, 1981లో, ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన జరిగింది. మామూలు మనుషులను, తామున్న ఊళ్లను బొమ్మలోకి తెచ్చిన చిత్రకారుల ప్రదర్శన అది. వారిలో బరోడాలో ఉండే భూపేన్ ఖక్కర్ 1972లోనే వాచీలు బాగుచేసే చిన్న కొట్టును చిత్రించాడు. వీధి మనిషి కళకు తగిన విషయమేనన్న గాలి పీల్చి రవీందర్ రెడ్డి లండన్ వెళ్లారు, గోల్డ్‌స్మిత్స్‌లోనూ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోనూ చదివారు. 1990లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి విశాఖ చేరారు.

చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది, పేరు. ఒక తలకు ఆయన పెట్టిన పేరు ‘కాపులుప్పాడ స్త్రీ’. విశాఖ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే తగిలే ఊరు కాపులుప్పాడ. బంగారు ముఖానికి చిరునామా దొరికింది.

గ్రామదేవతకు కూడా ఊరి పేరు ఉంటుంది కదా అనవచ్చు. నిజమే. ముడి విడేదీ అక్కడే. విజయనగరం పైడితల్లి ఆ ఊరి రాజు విజయరామరాజుకు చెల్లెలని, 1757 బొబ్బిలి యుద్ధం నాటి మనిషని జనం నమ్మకం. విశాఖలో బురుజుపేట కనకమహాలక్ష్మికి గర్భగుడి మీద కప్పు లేదు, ఎవరైనా దగ్గరికి వెళ్లి తమ చేత్తో పూజ చేసుకోవచ్చు. ఇంటి ఆడపడుచు అమ్మవారు కావడం, అమ్మవారు అందరికీ చేతికందే దూరంలో ఉండటం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

అందుకే ఆధారాలను రెండు కుప్పలుగా పోసి చూడండి. కళ్లు, బంగారం, ఒంటి తల, ఆ ఎత్తు: ఇవన్నీ ఆమెను ఎలా చూడాలో మనకు చెప్పేవి. కొప్పు, పూలు, ఒళ్లు, ఊరు: ఇవి ఆమెవి. మనిషి ఈ ఊరి మనిషే. చూపించిన తీరు అమ్మవారిది. మన ఊళ్లలో పెద్ద విగ్రహం దేవుడికో, నాయకుడికో, పేరున్న కవికో దక్కుతుంది. ఆ కొలతను రవీందర్ రెడ్డి ఎవరూ విగ్రహం పెట్టని మనిషికి ఇచ్చారు. ఆయన చేసిన గొప్ప పని అదే.

ఆ తల ముందు దండం పెట్టాలా వద్దా అని తడబడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. పెట్టండి. పెడుతున్నది పూర్ణా మార్కెట్‌లో పూలమ్మే మనిషికని తెలిసే పెట్టండి.