పళ్లకి క్లిప్పులు, వాటి వెనకున్న యాసిడ్ కథ

క్లిప్పులు వేయించుకున్నవాళ్లు, వేయించుకోబోతున్నవాళ్లు ఇది చివరిదాకా చూడండి. ఇవాళ నేను చెప్పేది పంటి పైపొర, అదే ఎనామెల్ గురించి. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఎనామెల్ పోతే మాత్రం మళ్లీ పెరగదు.

మొదట్లో క్లిప్పుని పంటికి అంటించే జిగురే లేదండీ. 1920ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ తెచ్చిన పద్ధతిలో పంటి చుట్టూ లోహపు పట్టీ, వేలికి ఉంగరం తొడిగినట్టు తొడిగి సిమెంటుతో బిగించేవాళ్లు. నవ్వితే పళ్లకన్నా లోహమే కనపడేది. అది సరే, లోపల సిమెంటు కరిగి పట్టీ వదులైతే? ఆ సందులో పన్ను పాడవుతున్నా పైకి తెలిసేది కాదు.

1955లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మైకేల్ బ్యునోకోర్ అనే డెంటిస్ట్ ఒక ప్రయోగం చేశాడు. లోహానికి పెయింట్ బాగా పట్టాలని ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ వాడేవాళ్లు. పంటికీ అదే చేద్దామనుకున్నాడు! 85 శాతం యాసిడ్, 30 సెకన్లు. ఎనామెల్ మీద కంటికి కనపడనంత సన్న గుంతలు పడి, వాటిలోకి ప్లాస్టిక్ లాంటి రెజిన్ దిగి పట్టుకుంది. ప్లాస్టరింగ్‌కి ముందు గోడని చెక్కుతారు చూడండి, అలాగన్నమాట. ఆయన ఆలోచనంతా ఫిల్లింగుల గురించే. 1965లో జార్జ్ న్యూమన్ ఎపాక్సీ జిగురుతో బ్రాకెట్లని నేరుగా పంటికి అంటించే పద్ధతి ప్రకటించాడు. ముందు పళ్లకి పట్టీల బాధ క్రమంగా తప్పింది.

కానీ సమస్య బ్రాకెట్ చుట్టూ చేరింది. బ్రష్ అందని ఆ మూలల్లో పాచి పేరుకుంటుంది, అందులోని బ్యాక్టీరియా చక్కెర తిని యాసిడ్ వదులుతుంది. పీహెచ్ 5.5 కన్నా తగ్గితే పంటిలోని కాల్షియం బయటికి పోవడం మొదలు. డాక్టర్ పెట్టే యాసిడ్ కొన్ని సెకన్లే, తర్వాత కడిగేస్తారు. ఇది మాత్రం తీపి తిన్న ప్రతిసారీ. ఒక్క కూల్‌డ్రింక్‌ని గంటసేపు చప్పరించేవాళ్లున్నారు కదా, వాళ్ల పళ్లకి గంటంతా యాసిడ్ స్నానమే.

1982లో గోరెలిక్, గైగర్, గ్విన్నెట్ క్లిప్పుల పేషెంట్లని పరిశీలిస్తే దాదాపు సగం మందికి కనీసం ఒక తెల్ల మచ్చ ఉంది. ట్రీట్‌మెంట్ ఏడాదిన్నర, రెండేళ్లు నడుస్తుంది; మచ్చ మొదలవడానికి 4 వారాలు చాలు. అందుకే ఫ్లోరైడ్ పేస్టు, తీగ కిందికి దూరే చిన్న బ్రష్ మొదటి రోజు నుంచే కావాలి. క్లిప్పులు తీశాక మచ్చ కనపడితే వెంటనే గీకించేయకండి. పాచి లేకుండా చూసుకుంటే లాలాజలంలోని కాల్షియం, పేస్టులోని ఫ్లోరైడ్ కొన్ని నెలల్లో దాన్ని కొంత తగ్గిస్తాయి. పూర్తిగా పోతుందని మాత్రం నేను చెప్పను.