అమ్మ ఫోన్‌లో సూర్యుడు

2020 మే నెల. చేజర్లలో రాత్రి పదకొండు దాటింది. మిద్దె ఇంకా పగటి వేడిని కక్కుతూనే ఉంది. లాక్‌డౌన్‌కి ఊరొచ్చిన కుర్రాడు పిట్టగోడ పక్కన చాప పరిచి, ల్యాప్‌టాప్‌కి అమ్మ ఫోన్ తగిలించాడు. కిందింట్లో సిగ్నల్ అందదు. పొద్దున తొమ్మిదికి యాప్ చూపించాలి.

పిల్లల పాఠాల యాప్ అది. అంతా మామూలు ఆండ్రాయిడ్‌లో రాసిందే. సౌరకుటుంబం పాఠం ఒక్కటే యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో తయారైంది. వేలితో తోశాడు. భూమి గిర్రున తిరిగింది. శని వలయాలు తళుక్కుమన్నాయి. ఇక చాలని వెనక్కి నొక్కాడు. పాఠం మూతపడింది. దాంతోపాటు యాప్ మొత్తం మాయమైంది.

మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మాయం.

గేమ్ ఇంజిన్ తత్వమే అంత. ఇల్లంతా తనదే అనుకుంటుంది. ఆట ముగిస్తే దీపాలార్పి, గడియపెట్టి మరీ పోతుంది. వేరే యాప్‌లో ఒక గదిలో సర్దుకుని ఉండే వీలు యూనిటీ 2019.3 వెర్షన్‌తో వచ్చింది. ఆ వెర్షన్ జనవరిలోనే విడుదలైంది. నాలుగు నెలల దారి. అడుగుదామంటే అందులో నడిచినవాళ్ళే తక్కువ.

కోడ్‌లో 'క్విట్' తీసేసి 'అన్‌లోడ్' పెట్టాడు. యాప్ నిలబడింది! ఊపిరి పీల్చుకునేలోపు ఫోన్ మోగింది. అమ్మ వచ్చి మాట్లాడి పెట్టేసింది. తెర చూశాడు. యాప్ లేదు.

అన్‌లోడ్ చేసినా ఇంజిన్ పూర్తిగా పోదు. పిలిస్తే వెంటనే లేవడానికి 80 నుంచి 180 ఎంబీ మెమరీ పట్టుకునే కూర్చుంటుంది. అమ్మ ఫోన్‌లో ఉన్నదే 2 జీబీ. పల్లెల్లో పిల్లల చేతికొచ్చేవీ అలాంటి ఫోన్లే.

రెండున్నర. గాలి ఆడటంలేదు. మానిఫెస్ట్ ఫైల్ తెరిచి, ఇంజిన్ నడిచే తెరకి వేరే ప్రాసెస్ రాశాడు. ఒకే ఒక్క మాట. 'అన్‌లోడ్' తీసి మళ్ళీ 'క్విట్' పెట్టాడు. ఇప్పుడు ఇంజిన్ తన ప్రాసెస్‌ని చంపుకుంటే మెమరీ మొత్తం తిరిగొస్తుంది, అసలు యాప్ బతికే ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ కొన్ని క్షణాలు నల్లతెర తప్పదు. తప్పకపోతే పోనీ. వెనక్కి నొక్కాడు. యాప్ కదల్లేదు.

"ఇంకా పండుకోలేదా నాయనా?" అమ్మ మంచినీళ్ళ చెంబుతో పైకొచ్చింది. ఫోన్ అందుకుని కళ్ళు చికిలించింది.

"సూర్... యుడు. ఇదేందిరా? మాకు బళ్ళో ఇట్టా నేర్పలా."

గుండె జారింది. తెరమీద 'సూర్‌యుడు'. పక్కన 'గ్‌రహం'. వత్తులన్నీ విడిపోయాయి.

తెలుగు అక్షరాల అల్లిక చిన్న పని కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క అక్షరం ఐఫోన్లలో యాప్‌లని కుప్పకూల్చింది. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఈ అల్లిక పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. అతని ఇంజిన్‌లో అది చేసేవాళ్ళే లేరు. అక్షరాల్ని పూసల్లా వరసగా పేర్చి వదిలేస్తోంది. తప్పు తెలుగుతో పిల్లలకి పాఠమా? గడియారం మూడు దాటింది.

అతను ఇంజిన్‌లోంచి తెలుగంతా పీకేసి, వేలు ఏ గ్రహం మీద పడిందో ఆ అంకె మాత్రమే, మూడో నాలుగో, ఆండ్రాయిడ్ వైపుకి పంపమని చెప్పి, ఆ అంకె అందగానే ఇంజిన్ తెరమీద పల్చటి గాజుపలకలా మామూలు ఆండ్రాయిడ్ పొర పరిచి, దానిమీద పేరు రాయించి, అంతా మళ్ళీ కట్టి, కేబుల్ గుచ్చి, పచ్చగీత నిండేదాకా రెప్పవేయకుండా కూర్చున్నాడు.

తూర్పున తెల్లగీత. కోడి కూసింది.

"అమా, ఇప్పుడు చదువు."

"సూర్యుడు." వేలు జరిపింది. "బుధుడు. శుక్రుడు. భూమి." ఆగింది. అటూ ఇటూ తిప్పింది.

"చంద్రుడు యాడ నాయనా?"

అతను మూసిన ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచాడు.